క్రొత్త ఇల్లు కట్టువారు గమనింపవలసిన సంగతులు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండు కార్యములలోను ఖర్చు ఎక్కువ, తొందర ఎక్కువ, సలహా చెప్పువారు ఇంకను ఎక్కువ. అయితే పెండ్లిలో జరిగిన లోటును బంధువులు నాలుగు దినములు చెప్పుకొని మరచిపోవుదురు. ఇంటిలో జరిగిన లోటు అట్టిది కాదు. అది గోడలో దాగియుండి, గాలివానయో వరదయో భూకంపమో వచ్చిన దినమున బయటపడును. ఆ దినమున ఆ కప్పు క్రింద నిద్రించుచున్నవారు ఇల్లు కట్టినవారే కానక్కరలేదు. వారి పిల్లలు కావచ్చును, అద్దెకున్నవారు కావచ్చును, ఒక్క రాత్రికి వచ్చిన అతిథులు కావచ్చును.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనమున ఇశ్రాయేలీయులకు ఇండ్లను గూర్చి ఒక ఆజ్ఞ కలదు. క్రొత్త ఇల్లు కట్టించుకొనువాడు దాని మీద చుట్టును పిట్టగోడ కట్టింపవలెననియు, అట్లు చేయనందున ఎవడైనను పడి చనిపోయినయెడల ఆ దోషము ఆ ఇంటివారిదే యనియు దాని భావము. ఆ దేశపు ఇండ్ల కప్పులు మన డాబాలవలె చదునుగా నుండెను. జనులు వాటిపైకి ఎక్కి మాటలాడుకొనుటయు, జనుప మొదలగువాటిని ఆరబెట్టుకొనుటయు వాడుక. ఈ ఆజ్ఞలో ఇల్లు ఎంత పెద్దదిగా నుండవలెనో, ఎట్టి శోభతో నుండవలెనో చెప్పబడలేదు. ఇల్లు కట్టినవాడు ఆ ఇంటికి వచ్చువారి ప్రాణములకు ఉత్తరవాది యని మాత్రమే చెప్పబడినది. ఈ వ్యాసమునకు మూలసూత్రము ఇదియే.

మన విద్యార్థుల తల్లిదండ్రులలో ననేకులు ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో ఇండ్లు కట్టుకొనుచున్నారు. ఆ సొమ్ములో హెచ్చు భాగము కంటికి కనబడు వాటికి, అనగా ముఖద్వారమునకు, నున్నని రాతి నేలకు, రంగులకు పోవుచున్నది. పునాది, మాలు, ఇనుము, కప్పు కట్టుదిట్టములు కంటికి కనబడవు గావున వాటిలో పొదుపు చేయబడుచున్నది. ప్రాణము కాపాడునవి కనబడనివే. మేము ఇంజనీర్లము కాము. ఇంటి పటము గీయుటకును, ఇనుము లెక్క కట్టుటకును ఇంజనీరే కావలెను. అయినను ఆయనను ఏమి అడుగవలెనో, మేస్త్రి పనిచేయుచుండగా ఏమి చూడవలెనో ఇంటి యజమానుడు ఎరిగియుండుట అవసరము. అట్టి సంగతులను మాత్రము ఇచ్చట వివరింతుము.

స్థలమును పునాదియు

మొదట స్థలము చరిత్ర తెలిసికొనవలెను. పత్రములు చూచుట ఎంత అవసరమో, ఆ పేటలోని వృద్ధులను అడుగుటయు అంతే అవసరము. వరద వచ్చిన ఏడు నీరు ఎంత ఎత్తున నిలిచినది? ఈ స్థలము పూర్వము చెరువా, కాలువ గట్టా, మెరక చేనా? ఈ ప్రశ్నలకు వారే జవాబు చెప్పగలరు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలోని సింగునగరు మొదలగు పేటలు నీట మునిగినప్పుడు, అనేక కుటుంబములు పై అంతస్తులలోను డాబాలమీదను దినములు గడుపవలసివచ్చెను. కావున తెలిసినంతలో మిక్కిలి పెద్ద వరద వచ్చిన మట్టముకంటె ఇంటి లోపలి నేల ఎత్తుగా నుండునట్లు చూచుకొనవలెను. అది సాధ్యము కానిచోట పైకి ఎక్కుటకు మెట్లును, చదునైన గట్టి కప్పును తప్పక యుండవలెను.

కృష్ణా గుంటూరు జిల్లాలలో చాల భాగము నల్లరేగడి భూమి. ప్రత్తికి, మిరపకు ఇది మంచిదే కాని ఇంటికి కష్టమైనది. ఏలయనగా అది వానకాలమున నీరు త్రాగి ఉబ్బును. వేసవిలో ఎండి చేయి దూరునంతటి పగుళ్లు వారును. లోతు తక్కువైన పునాది ఈ ఉబ్బుటకును క్రుంగుటకును లోబడి ఏటేట పైకి క్రిందికి కదలును. కిటికీల మూలలనుండి ఏటవాలుగా బయలుదేరు పగుళ్లు తరచుగా ఈ కారణముచేతనే కలుగును. కాబట్టి పునాదిని ఆ పగుళ్ల లోతును దాటి గట్టి నేలవరకు త్రవ్వింపవలెను. గట్టి నేల మిక్కిలి లోతున నున్నయెడల, అడుగున గడ్డవలె ఉబ్బియుండు కాంక్రీటు గుంజలను దింపి వాటిపై దూలము వేయు పద్ధతి కలదు. దీనిని ఇంజనీరు నిర్ణయింపవలెను. ఇంటి చుట్టు మూడడుగుల వెడల్పున వాలుగా గచ్చు చేయించినయెడల వాననీరు పునాదిలోనికి దిగదు. పెద్ద చెట్లను గోడకు సమీపమున నాటరాదు. వాటి వేళ్లు నేలలోని తేమను పీల్చుటచే నల్లరేగడి మరింత క్రుంగును.

ఇసుకమీదను బండమీదను కట్టబడిన రెండు ఇండ్ల ఉపమానము మన పిల్లలందరును ఎరిగినదే. లూకా సువార్తలో ఆ మనుష్యుడు లోతుగా త్రవ్వి పునాది వేసెనని విశేషముగా చెప్పబడినది. బండ దొరకుట అతని అదృష్టము కాదు. అది కనబడువరకు త్రవ్వుట అతని శ్రమ.

ఇటుకయు రాయియు మాలును

మంచి ఇటుకను గుర్తించుటకు యంత్రములు అక్కరలేదు. రెండు ఇటుకలను ఒకదానితో నొకటి తట్టినప్పుడు కంచు మ్రోగినట్లు మ్రోగవలెను. గోటితో గీచినయెడల గీత పడరాదు. మూడడుగుల ఎత్తునుండి నేలమీద విడిచినప్పుడు పగులరాదు. విరిచి చూచినప్పుడు లోపల సున్నపురాయి ముక్కలుగాని, కాలని నల్లమన్నుగాని యుండరాదు. మరియొక పరీక్ష మన విద్యార్థులు ఇంటియొద్ద చేయదగినది. బాగుగా ఎండిన ఇటుకను తూచి, ఒక రాత్రి ఒక పగలు నీట నుంచి, తీసి తుడిచి మరల తూచవలెను. సాధారణమైన ఇటుక తన బరువులో నూటికి 20 పాళ్లకు మించి నీరు త్రాగరాదు. అనగా 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములకు మించరాదు. మించినయెడల అది చాలినంత కాలలేదని తెలిసికొనవలెను.

ఇటీవల విద్యుత్కేంద్రములలో బొగ్గు కాల్చగా మిగిలిన బూడిదతో చేసిన ఇటుకలు విస్తారముగా వాడబడుచున్నవి. వీనిని ఫ్లైయాష్ ఇటుకలందురు. వీని వలన పొలముల పైమన్ను చెడదు. ఆకారము సమముగా నుండుటచే మాలును పూతయు తక్కువ పట్టును. అయితే ఇవి కాల్చబడునవి కావు, నీటితో గట్టిపడునవి. చేసినవాడు చాలినన్ని దినములు నీరు పట్టనియెడల అవి అంచులు రాలిపోవును. కావున వీనినిగూడ పైని చెప్పినట్లు పరీక్షించియే కొనవలెను.

రాతిగోడ బలమైనదని సామాన్యుల నమ్మకము. అది ఎల్లప్పుడును నిజము కాదు. 1993 సెప్టెంబరు 30వ తేదీ తెల్లవారుజామున మహారాష్ట్రములోని లాతూరు, ఉస్మానాబాదు జిల్లాలలో భూకంపము కలిగి, కిల్లారి మొదలగు గ్రామములు నేలమట్టమయ్యెను. సుమారు 10,000 మంది మరణించిరి. అక్కడి గోడలు మిక్కిలి మందమైనవి. కాని లోపలివైపు ఒక వరుస, వెలుపలివైపు ఒక వరుస గుండ్రాళ్లను బురదతో పేర్చి నడుమ చిన్న రాళ్లతో నింపబడినవి. రెండు వరుసలను కలిపి పట్టుకొను పొడుగాటి రాళ్లు లేవు. పైని మందముగా మన్ను పరచిన బరువైన కప్పు. నేల అదరగానే రెండు వరుసలు విడిపోయి, కప్పు నిద్రించువారిపై పడెను. అప్పటి దేశపటములో ఆ ప్రాంతము భూకంపభయము మిక్కిలి తక్కువగల మండలముగా చూపబడియుండెను. కావున రాతిగోడ కట్టువారు, గోడ మందమంతయు ఆనునట్టి పొడుగు రాళ్లను, ఎత్తున ప్రతి రెండడుగులకు, పొడవున ప్రతి నాలుగడుగులకు ఒకటి చొప్పున వేయింపవలెను.

మాలు విషయము. బరువు మోయు గోడకు ఒక పాలు సిమెంటునకు ఆరు పాళ్ల ఇసుక కంటె ఎక్కువ కలుపరాదు. ఇటుకలను ముందుగా నీట తడుపవలెను. పొడి ఇటుక మాలులోని నీటిని పీల్చివేయుటచే మాలు పొడిపొడియై పోవును. కలిపిన మాలును అరగంటలోగా వాడవలెను. గట్టిపడిన మాలులో సాయంకాలమున మరల నీళ్లు పోసి వాడుట కొందరి అలవాటు. అట్టి మాలు చూపునకు మాలువలె నుండును గాని, దానిలో పట్టు లేదు.

సిమెంటు, ఇసుక, నీరు, ఇనుము

సిమెంటు రాకపూర్వము మన దేశమున గొప్ప కట్టడములనేకము సున్నముతో కట్టబడెను. సర్ ఆర్థరు కాటను గారి పర్యవేక్షణలో 1847లో ప్రారంభింపబడి 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట సిమెంటు ఎరుగని కాలపు కట్టడము. గానుగ సున్నము నిదానముగా గట్టిపడును. పనివాండ్రు తొందరపడుటకు వీలుండెడిది కాదు. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ అనునాతడు 1824లో పోర్ట్‌లండు సిమెంటునకు హక్కుపత్రము పొందెను. సిమెంటు శీఘ్రముగా గట్టిపడును. ఆ శీఘ్రతయే మనకు సహాయమును, శోధనయు నైనది.

సిమెంటు కొనునప్పుడు సంచిమీద ముద్రింపబడిన తయారీ తేదీని చూడవలెను. మూడు నెలలు దాటిన సిమెంటు తన బలములో గణనీయమైన భాగమును కోల్పోవును. చేయి లోపల పెట్టినప్పుడు చల్లగాను, మెత్తని పిండివలెను ఉండవలెను. గడ్డలు కట్టినది పనికిరాదు. సంచులను నేలమీద వేయక బల్లలమీద, గోడకు అడుగు దూరముగా నుంచవలెను.

ఇసుక విషయములో రెండు భయములు కలవు: మన్నును, ఉప్పును. మన్ను తెలిసికొనుటకు గాజు సీసాలో సగమువరకు ఇసుక వేసి, నీళ్లు పోసి, చిటికెడు ఉప్పు చేర్చి, బాగుగా కుదిపి కొన్ని గంటలు కదలింపక యుంచవలెను. ఇసుకపైని మెత్తని ఒండ్రు పొరగా తేరును. ఆ పొర ఇసుక ఎత్తులో నూటికి 8 పాళ్లకు మించినయెడల ఆ ఇసుకను కడిగి వాడవలెను. సముద్రతీరపు ఇసుకను ఇనుపచువ్వలున్న పనికి ఎంతమాత్రము వాడరాదు. దానిలోని ఉప్పు చువ్వలను త్రుప్పు పట్టించును. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగులగొట్టును. పది పదిహేనేండ్లకే శ్లాబునుండి పెచ్చులు రాలుట మనము తీరపు ఊళ్లలో చూచుచునే యున్నాము. నీటికిని ఇదే నియమము. త్రాగుటకు తగిన నీరే ఇంటిపనికి తగినది. బావినీరు ఉప్పగా నున్న ఊళ్లలో నీటిని బండ్లమీద తెప్పించు ఖర్చును ముందుగానే లెక్కలో వేసికొనవలెను.

కాంక్రీటులో జరుగు పెద్ద దోషము ఎక్కువ నీరు. ఇనుము వేసిన శ్లాబులకును స్తంభములకును ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాలు ఇసుక, మూడు పాళ్ల కంకర కలుపుట వాడుక. ఈ కలయికకు 50 కిలోల సిమెంటు సంచికి 30 లీటర్లకు మించి నీరు పోయరాదు. నీరు ఎక్కువైన కాంక్రీటు జారుడుగా నుండి పరచుటకు సులభముగా నుండును. అందుచేత పనివారికి అది ఇష్టము. కాని ఆ అదనపు నీరు ఆరిపోయిన తరువాత దాని చోట సన్నని రంధ్రములు మిగులును. బలము తగ్గును, తేమ లోనికి దిగును. శ్లాబు వేయు దినమున యజమానుడు విందు ఏర్పాట్లు చూచుటకంటె ఈ నీటి లెక్క చూచుట మేలు.

ఇనుపచువ్వ కాంక్రీటులో లోతుగా దాగియుండవలెను. శ్లాబులో కనీసము 20 మిల్లీమీటర్లు, స్తంభములో 40 మిల్లీమీటర్లు కప్పు ఉండవలెను; సముద్రతీరమున ఇంతకంటె ఎక్కువ కావలెను. ఇందుకై చువ్వల క్రింద చిన్న సిమెంటు బిళ్లలు పెట్టుదురు. రాతిముక్కలు, చెక్కముక్కలు పెట్టుట తప్పు.

తుదకు నీరు పట్టుట. కాంక్రీటు ఎండుటచేత గట్టిపడునని అనేకులు తలంతురు. అది నిజము కాదు. సిమెంటు నీటితో కలిసి రసాయనమార్పు చెంది గట్టిపడును; తడి లేనియెడల ఆ మార్పు నడుమనే నిలిచిపోవును. సాధారణ సిమెంటునకు కనీసము 7 దినములు, బూడిద మొదలగునవి కలిసిన సిమెంటునకు కనీసము 10 దినములు ఎడతెగక తడి నిలుపవలెను. మన వేసవిలో రెండు వారములు నిలుపుట మంచిది. శ్లాబు క్రింది ఆధారపు గుంజలను 15 అడుగులలోపు గదికి 7 దినములును, అంతకు మించినదానికి 14 దినములును గడువక మునుపు తీయరాదు. బూడిద కలిసిన సిమెంటైనయెడల మరికొన్ని దినములు ఓపిక పట్టవలెను.

పైకప్పును గాలియు

తీరజిల్లాలవారమైన మనకు గాలివాన క్రొత్త కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమను కబళించిన ఉప్పెనలో ప్రభుత్వపు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయిరి. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముగల గాలితో విశాఖపట్టణమును తాకెను. ఆ నగరమున రేకులును కిటికీ అద్దములును ఎగిరిన దృశ్యము అనేకులకు ఇప్పటికిని జ్ఞాపకమే.

గాలి ఒత్తిడి దాని వేగమునుబట్టి మాత్రమే పెరుగదు. వేగము రెండింతలైనయెడల ఒత్తిడి నాలుగింతలగును. మరియు గాలి కప్పును క్రిందికి త్రొక్కుననుకొందుము గాని, తరచుగా అది కప్పును పైకి పీల్చును. తలుపో కిటికీయో విరిగి గాలి లోపల ప్రవేశించినయెడల, లోపలినుండి నెట్టుటయు పైనుండి పీల్చుటయు కలిసి కప్పును మూతవలె లేపివేయును. కావున కప్పును గోడకు కట్టివేయుట ముఖ్యము. దూలములను గోడమీద ఊరక ఆనింపక, గోడలో పాతిన ఇనుపపట్టీలతోగాని మేకులు గల కడ్డీలతోగాని బిగింపవలెను. వాసములను దూలములకును, రేకులను వాసములకును అట్లే బిగింపవలెను. అంచులయందును మూలలయందును పీల్పు ఎక్కువ గావున అక్కడ కొక్కెములు దగ్గర దగ్గరగా వేయవలెను. రెండువైపుల వాలుకంటె నాలుగువైపుల వాలు గల కప్పు గాలికి బాగుగా ఆగును. చూరు మిక్కిలి పొడుగుగా నుండరాదు. వసారా కప్పును ఇంటి కప్పునుండి వేరుగా కట్టినయెడల, అది ఎగిరినను ఇంటి కప్పును లాగుకొనిపోదు.

పెంకుటిల్లు కట్టువారికి ఒక మాట. మంగుళూరు పెంకు అని పేరొందిన పెంకులను బాసెల్ మిషనువారు 1865లో మంగుళూరులో స్థాపించిన కార్ఖానా మన దేశమున వ్యాప్తికి తెచ్చెను. ఆ పెంకునకు క్రిందివైపు కొక్కెము వంటి అంచును, కట్టుటకు రంధ్రమును ఉండుట చూడవచ్చును. మనవారు ఆ రంధ్రమును తరచుగా వాడరు. తీరపు ఊళ్లలో అంచు వరుసలనైనను తీగతో కట్టుట మంచిది. ఆస్‌బెస్టాసు రేకులను కోసినప్పుడును పగిలినప్పుడును లేచు ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరము. పిల్లలున్న ఇంటికి అవి తగవు.

అయినను ఒక సత్యమును దాచరాదు. ఉప్పెన వచ్చినప్పుడు తీరమున ఎంత గట్టి ఇల్లయినను నమ్మదగినది కాదు. అట్టి హెచ్చరిక వచ్చినప్పుడు ఇల్లు విడిచి తుపాను రక్షణ భవనమునకు పోవుటయే బుద్ధి. ఇల్లు మన ప్రాణముకొరకు గాని, మన ప్రాణము ఇంటికొరకు కాదు.

భూకంపమునకు నడికట్లు

మన ప్రాంతమున భూకంపములు రావని కొందరు ధైర్యము చెప్పుదురు. 1967 మార్చి 27వ తేదీన ఒంగోలులోను, 1969 ఏప్రిలు 13వ తేదీన భద్రాచలము వద్దను, 2024 డిసెంబరు 4వ తేదీన ములుగు ప్రాంతమునను భూమి కంపించెను. అవి కిల్లారి భూకంపమంతటి నాశనము చేయలేదు. అయినను అవి హెచ్చరికలే.

భూకంపమున ఇంటి గోడలు ఒకదాని నుండి మరియొకటి విడిపోవుటచే ఇల్లు కూలును. పెట్టె పలకలను మేకులతో బిగించినప్పుడు అది కదలినను విడదు. మేకులు లేనిది ఒక్క తోపుతో విడిపోవును. ఇంటికి ఆ మేకులు కాంక్రీటు నడికట్లు. పునాదిపైని ఒకటి, తలుపుల కిటికీల పైమట్టమున ఒకటి, కప్పు క్రింద ఒకటి చొప్పున, ఇనుపచువ్వలతో ఇంటి చుట్టు తెగకుండ వేయవలెను. మన మేస్త్రులు తలుపులపై మాత్రము లింటెలు ముక్కలు వేసి విడుతురు. ఆ ముక్కలను కలిపి ఇంటి చుట్టు కట్టుగా చేయుటకు కావలసిన అదనపు ఖర్చు, ముఖద్వారపు చెక్కడపు తలుపు ఖర్చు కంటె పెక్కుసారులు తక్కువ. ఇంతకంటె చౌకయైన రక్షణ మరియొకటి లేదు. తలుపులను కిటికీలను గోడ మూలలకు రెండడుగుల లోపల పెట్టరాదు. మూలయే గోడకు బలము.

ఇంటిలోపలి అపాయములు

గాలివాన ఎప్పుడో వచ్చును. మెట్లు, విద్యుత్తు, పొయ్యి దినదినము మనతో నుండునవి.

మెట్లన్నియు సమానమైన ఎత్తున నుండవలెను. ఒక మెట్టు అంగుళము హెచ్చుతగ్గైనయెడల అక్కడనే కాలు తడబడును. మెట్టు ఎత్తు ఏడున్నర అంగుళములకు మించరాదు. పాదము పెట్టు వెడల్పు పది అంగుళములకు తగ్గరాదు. చేయి పట్టుకొనుటకు కడ్డీ యుండవలెను. వృద్ధులున్న ఇంటిలో స్నానపుగదికి నున్నని పలకలు వేయరాదు.

విద్యుత్తునకు భూమిలోనికి తీగ దింపు ఎర్తింగు తప్పక చేయింపవలెను. దానితోపాటు, విద్యుత్తు మనుష్యుని శరీరము ద్వారా భూమిలోనికి పోవునెడల రెప్పపాటున ప్రవాహమును తెగగొట్టు సాధనము కలదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకునకే పనిచేయునట్టిదానిని అడిగి పెట్టింపవలెను. ఇంటి ప్రక్కను పెద్ద తీగెలు పోవుచున్నయెడల ముందే విద్యుచ్ఛాఖవారితో మాటలాడవలెను. 11,000 వోల్టుల తీగెకును గోడకును ప్రక్కగా కనీసము 1.2 మీటరు ఎడముండవలెనని నియమము. మేడమీద గాలిపటము ఎగురవేయు బాలుడు ఈ కొలత ఎరుగడు. ఇల్లు కట్టినవాడే ఎరుగవలెను.

వంట గ్యాసు గాలికంటె బరువైనది. కారినప్పుడు అది నేలమీద పరచుకొని నిలుచును. కావున వంటయింట పైని కిటికీ యున్నంత మాత్రమున చాలదు. గోడ అడుగునగూడ గాలి పోవు రంధ్రముండవలెను. సిలిండరును నిలువుగా, పొయ్యికంటె తక్కువ మట్టమున నుంచవలెను, గోతిలో నుంచరాదు.

పెరటిలో నీటి తొట్టి త్రవ్వించువారు నిర్గమకాండము 21వ అధ్యాయము 33, 34 వచనములు చదువుదురు గాక. గోతిని కప్పక విడిచిన యజమానుడు దానిలో పడిన ఎద్దునకు గాడిదకు నష్టపరిహార మియ్యవలెనని అక్కడ విధింపబడెను. పశువు విషయమే అట్లయినయెడల శిశువు విషయ మేమి? తొట్టికి పిల్లలు ఎత్తలేని మూతయు తాళమును ఉండవలెను. పని జరుగుచున్న దినములలోగూడ గోతి చుట్టు కంచె వేయవలెను.

ఇక పిట్టగోడ. దాని ఎత్తు 1 మీటరునకు, అనగా మూడడుగుల మూడంగుళములకు తక్కువ కారాదు. ఇటుకకు బదులు కడ్డీలు పెట్టువారు వాటిని నిలువుగా, నాలుగంగుళములకు మించని ఎడముతో పెట్టవలెను. అడ్డకడ్డీలు పిల్లలకు నిచ్చెన యగును. అనేకులు ఇంకొక అంతస్తు వేయుదుమను తలంపుతో మేడకు పిట్టగోడ లేకయే సంవత్సరములు గడుపుచున్నారు. పై అంతస్తు వచ్చునో రాదో. పిల్లలు మాత్రము ఈ సాయంకాలమే మేడ ఎక్కుదురు.

ఖర్చు చాలనప్పుడు

ఇవన్నియు చేయుటకు సొమ్ము చాలదని కొందరు అనవచ్చును. మా మనవి యేమనగా, సొమ్ము చాలనప్పుడు గదుల సంఖ్యను తగ్గింపుడు, బలమును తగ్గింపవద్దు. రంగు వచ్చే ఏడు వేయవచ్చును. నేలకు నాపరాళ్లు పరచి తరువాత మార్చుకొనవచ్చును. తలుపు చెక్కడము లేకపోయినను తలుపే. పునాదిని, ఇనుమును, నడికట్లను తరువాత చేర్చుటకు వీలులేదు. మొదట తరువాత చేయరానివి, పిమ్మట తరువాత చేయదగినవి: ఖర్చునకు ఈ వరుస చాలును.

విద్యార్థులారా, ఈ సెలవులలో మీ ఇంటిలోగాని పొరుగువారి ఇంటిలోగాని కట్టుడు పని జరుగుచున్నయెడల, ఇటుకను తూచి చూడుడు, ఇసుకను సీసాలో కుదిపి చూడుడు. మేస్త్రిగారితో మర్యాదగా మాటలాడి ఆయన పని నేర్చుకొనుడు. మంచి మేస్త్రి అడుగువారిని చూచి సంతోషించును. తరగతిలో చదివిన విజ్ఞానశాస్త్రము ఒక కుటుంబమును కాపాడుటకు పనికివచ్చునని అప్పుడు మీకే తెలియును.

తల్లిదండ్రులారా, గృహప్రవేశ దినమున వచ్చిన బంధువులు మీ గోడల రంగును మెచ్చుకొందురు. పునాదిలోని రాతిని, గోడలోని నడికట్టును ఎవరును మెచ్చుకొనరు. అయినను గాలి వీచు రాత్రి మీ పిల్లలు ఆ కప్పు క్రింద నిశ్చింతగా నిద్రపోవుదురు. ఆ నిద్రయే మంచి ఇంటికి సాక్ష్యము.